హైదరాబాద్‌లో జరిగింది ప్రదర్శన పోటీ కాదు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ స్నూకర్ పార్లర్లలో ఆడేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. 2025 మే నెలలో చైనా ఆటగాడు జావో షిన్‌టాంగ్ ప్రపంచ చాంపియన్ అయిన తరువాత దానికి మరో రెండు వాక్యాలు తోడయ్యాయి, ప్రచారమూ పెరిగింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఇండియన్ ఓపెన్ పేరుతో మన దేశంలో జరిగినవన్నీ ప్రదర్శన పోటీలే, అవి ప్రపంచ ర్యాంకింగ్‌లో లెక్కకు రావు, 2016లో హైదరాబాద్‌కు వచ్చినవాళ్ళంతా అనామకులే, 2013లో ఫైనల్ ఆడిన భారతీయుడిని వైల్డ్‌కార్డుతో (అర్హత లేకున్నా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశంతో) అక్కడిదాకా తీసుకెళ్ళారు, నాలుగైదు ఫ్రేములకే (ఫ్రేము అంటే టేబుల్‌పై ఒక పూర్తి ఆట) ముగిసే పోటీలో ఎవరు గెలిచినా ఒకటే, ఇరవైకి పైగా ప్రపంచ టైటిళ్ళున్న పంకజ్ అద్వానీని విదేశీయులు తొక్కిపెట్టారు, అతడి చేతిలో ఓడినవాడే ఇవాళ చాంపియన్ కాబట్టి అసలు చాంపియన్ అద్వానీయే. ఆవేశంలో రాసినట్టు కనిపించే ఈ సందేశంలో ఒకటి రెండు నిజాలు కూడా ఉన్నాయి. దీన్ని ఇంతమంది నమ్మడానికి బహుశా అవే కారణం.

మొదటి మాట పూర్తిగా తప్పు. ఇండియన్ ఓపెన్ ఐదుసార్లు జరిగింది, ఐదుసార్లూ అది ర్యాంకింగ్ టోర్నమెంటే. 2013లో ఢిల్లీలో డింగ్ జున్‌హుయ్, 2015 మార్చిలో ముంబయిలో మైకేల్ వైట్, 2016 జులైలో హైదరాబాద్‌లో ఆంథొనీ మెక్‌గిల్, 2017 సెప్టెంబరులో విశాఖపట్నంలో జాన్ హిగిన్స్, 2019లో కొచ్చిలో మాథ్యూ సెల్ట్ విజేతలుగా నిలిచారు. ఒక పోటీని ర్యాంకింగ్ టోర్నమెంట్ చేసేది హాలు పరిమాణమో, ప్రేక్షకుల సంఖ్యో కాదు. ప్రొఫెషనల్ టూర్‌లో కార్డు, అంటే ఆ పోటీల్లో ఆడే హక్కు, ఉన్న ఆటగాళ్ళందరికీ అందులో ప్రవేశం ఉండాలి, అక్కడి ఫలితం ప్రపంచ జాబితాలో నమోదు కావాలి. 2014కు ముందు ఒక్కో రౌండుకు నిర్ణయించిన పాయింట్లు ఇచ్చేవారు. ఆ తరువాత గెలుచుకున్న ప్రైజ్ మనీనే పాయింట్లుగా లెక్కిస్తున్నారు, అంటే ఒక పౌండుకు ఒక పాయింటు. ఆ మొత్తం రెండేళ్ళు మాత్రమే ఆటగాడి ఖాతాలో నిలిచి, తరువాత రాలిపోతుంది. హైదరాబాద్‌లో మెక్‌గిల్ గెలిచిన 50,000 పౌండ్లు ఆ విధంగానే అతడి ర్యాంకింగ్‌లో చేరాయి. జాబితాలో మొదటి 16 మంది నేరుగా షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళతారు, మిగతావారు అర్హత పోటీలు ఆడవలసిందే. 64వ స్థానానికి దిగువన ఉండి, రెండేళ్ళ కార్డు గడువు కూడా ముగిసినవారికి టూర్‌లో చోటే ప్రశ్నార్థకమవుతుంది. ఇంతటి పర్యవసానమున్న పోటీని ప్రదర్శన అనడం సరికాదు.

ఈ గందరగోళానికి మూలం ఎక్కడుందో ఊహించవచ్చు. ర్యాంకింగ్ ఉంటే గొప్ప పోటీ, లేకపోతే చిన్న పోటీ అన్న అభిప్రాయం మనవాళ్ళలో గట్టిగా ఉంది. వాస్తవానికి 1975 నుంచి జరుగుతున్న మాస్టర్స్‌కు ర్యాంకింగ్ హోదా లేదు. అగ్రశ్రేణి 16 మందిని మాత్రమే ఆహ్వానించి ఆడించే ఆ పోటీ స్నూకర్‌లోని మూడు అత్యున్నత టైటిళ్ళలో ఒకటి. మరోవైపు, పది నిమిషాల్లో ఒకే ఫ్రేముతో తేలిపోయే షూట్ ఔట్‌కు 2017లో ర్యాంకింగ్ హోదా ఇచ్చారు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అయినా లెక్క లెక్కే. ప్రతిష్ఠ వేరు, ర్యాంకింగ్ వేరు.

హైదరాబాద్‌కు అనామకులే వచ్చారన్న రెండో మాటకు వద్దాం. ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన రోనీ ఓసలివన్ రాలేదు, అది నిజం. దగ్గరి చుట్టం ఒకరు రాలేదని మేడారం జాతరే జరగలేదంటే ఎవరూ ఒప్పుకోరు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం ఆటకు అందుకోగల దూరంలో, మాదాపూర్‌లోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో, ఆ వారం ఎవరు ఆడారో ఒకసారి చూడాలి. ఫైనల్‌లో గ్లాస్గోకు చెందిన మెక్‌గిల్, ఇంగ్లండ్‌కు చెందిన కైరెన్ విల్సన్‌ను 5-2 తేడాతో ఓడించాడు. మెక్‌గిల్‌కు అది మొదటి ర్యాంకింగ్ టైటిల్. విల్సన్ అప్పటికే 2015లో షాంఘై మాస్టర్స్ గెలిచి వచ్చినవాడు. ఏడాది తిరగకముందే మెక్‌గిల్ షూట్ ఔట్ కూడా గెలిచాడు. 2017లో విశాఖకు వచ్చి మళ్ళీ ఫైనల్ చేరి, నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన హిగిన్స్ చేతిలో 1-5తో ఓడాడు. హైదరాబాద్ ఫైనల్ ఆడిన ఆ ఇద్దరే 2020లో క్రూసిబుల్ సెమీఫైనల్లో తలపడ్డారు. 16-16 వద్ద మిగిలిన చివరి ఫ్రేము 103-83 స్కోరుతో విల్సన్‌కు దక్కింది. ఒకే ఫ్రేములో ఇద్దరూ ఎనభై దాటడం ఎంత అరుదో పార్లర్లో నెల రోజులు ఆడినవారికైనా తెలుస్తుంది. ఆ విల్సనే 2024లో జాక్ జోన్స్‌ను 18-14తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇక ఇండియన్ ఓపెన్ అర్హత పోటీలు ఇంగ్లండ్‌లో జరగడాన్ని కొందరు తప్పుపడుతున్నారు. టూర్ ఆటగాళ్ళలో ఎక్కువమంది నివాసం అక్కడే కాబట్టి విదేశాల్లో జరిగే చాలా పోటీలకు ఇదే పద్ధతి పాటించారు, అందులో భారతదేశానికి ప్రత్యేకంగా జరిగిన అవమానమేమీ లేదు.

మూడో మాట అన్యాయమైనది. 2013లో ఢిల్లీ ఫైనల్ చేరిన ఆదిత్య మెహతా వైల్డ్‌కార్డు ఆటగాడు కాదు. అప్పటికి అతడు ప్రొఫెషనల్ టూర్‌లో కార్డు ఉన్న ఆటగాడు. స్థానిక అమెచ్యూర్లకు ఆ పోటీలో వైల్డ్‌కార్డులు ఇచ్చిన మాట నిజమే కాని, వారికీ మెహతాకూ సంబంధం లేదు. సెమీఫైనల్లో అతడు ఓడించింది స్టీఫెన్ మగ్వైర్‌ను. ర్యాంకింగ్ టోర్నమెంట్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు అతడే. ఫైనల్లో 0-5తో ఓడిన సంగతినే సందేశం ఎత్తి చూపింది. ఎదురుగా ఉన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. డింగ్ జున్‌హుయ్ ఆ ఒక్క సీజన్‌లోనే ఐదు ర్యాంకింగ్ టైటిళ్ళు గెలిచి, 1990-91లో స్టీఫెన్ హెండ్రీ నెలకొల్పిన రికార్డును సమం చేశాడు. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్యూర్త్‌లో మెహతా 147 పాయింట్ల గరిష్ఠ బ్రేక్ (ఎదుటివారికి అవకాశమివ్వకుండా ఒకే విడతలో చేసే స్కోరు) సాధించాడు. ప్రొఫెషనల్ పోటీలో ఆ పని చేసిన మొదటి భారతీయుడు కూడా అతడే. ఇంతటివాడిని ఎవరో చెయ్యిపట్టి నడిపించారని మన తెలుగు గ్రూపుల్లోనే రాసుకోవడం బాధ కలిగిస్తుంది.

ఫ్రేములు తక్కువన్న అభ్యంతరంలో పస ఉంది. ఇండియన్ ఓపెన్‌లో తొలి రౌండ్ల నుంచి నాలుగు ఫ్రేములు, ఫైనల్లో ఐదు ఫ్రేములు ముందుగా గెలిచినవారే విజేత. ప్రపంచ ఫైనల్లో 18 గెలవాలి. తక్కువ ఫ్రేముల్లో సంచలనాలకు అవకాశం ఎక్కువన్నది కాదనలేం. అయితే అది ఆట నిడివిపై విమర్శ మాత్రమే, ర్యాంకింగ్ హోదాను తీసేసే కారణం కాదు.

ఇక అద్వానీ. అతడిని ఎవరూ తొక్కిపెట్టలేదు. 2012లో టూర్‌లో చేరి రెండు సీజన్లు ఆడాడు. 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ చేరి, ర్యాంకింగ్ పోటీలో అంతదూరం వెళ్ళిన మొదటి భారతీయుడయ్యాడు, అక్కడ జడ్ ట్రంప్ చేతిలో ఓడాడు. 2014లో కార్డును తానే వదులుకున్నాడు. స్వదేశంలో ఉండాలనీ, తన మరో ఆట అయిన బిలియర్డ్స్‌పై కూడా దృష్టి పెట్టాలనీ కోరుకున్నాడు. 2024 నవంబరు నాటికి అతడి ప్రపంచ టైటిళ్ళు 28. వాటిలో అధికభాగం బిలియర్డ్స్‌వి. కొన్ని ఆరు రెడ్లతో (ఎర్ర బంతులతో) ఆడే పొట్టి స్నూకర్‌వి. పదిహేను రెడ్ల పూర్తి స్నూకర్‌లో వ్యక్తిగతంగా గెలిచినవి మూడు. ఇవన్నీ ఘనమైనవే. కాని అమెచ్యూర్ క్రీడకు అంతర్జాతీయ సమాఖ్య నడిపే ప్రపంచ చాంపియన్‌షిప్పూ, క్రూసిబుల్‌లో పదిహేడు రోజులు జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్పూ రెండు వేర్వేరు పోటీలు. ఒకదాని లెక్కను మరొకదాని ఖాతాలో రాయడం కుదరదు.

అద్వానీ జావోను ఓడించాడన్నది అక్షరాలా నిజం. 2015లో ఈజిప్టులోని హుర్గదాలో అమెచ్యూర్ ప్రపంచ ఫైనల్లో 8-6తో గెలిచాడు. అప్పటికి జావో వయసు 18 ఏళ్ళు, ఇంకా ప్రొఫెషనల్ కాలేదు. ఆ తరువాత పదేళ్ళలో అతడు 2021లో యూకే చాంపియన్‌షిప్, 2022లో జర్మన్ మాస్టర్స్ గెలిచాడు, క్రమశిక్షణ చర్యగా 20 నెలల నిషేధానికి గురయ్యాడు, తిరిగి వచ్చి 2025లో నాలుగు అర్హత రౌండ్లు దాటి, సెమీఫైనల్లో ఓసలివన్‌ను 17-7తో, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించాడు. హుర్గదాలో తేలింది ఆనాటి చాంపియన్ ఎవరన్నది మాత్రమే. ఒకరిని ఓడించినవాడు వారి తరువాతి టైటిళ్ళకూ హక్కుదారుడైతే, ఆ లెక్కన జావోను ఎప్పుడో ఒకప్పుడు ఓడించిన ప్రతి ఆటగాడూ 2025 చాంపియనే. అద్వానీని ఆకాశానికెత్తడానికి రాసిన ఈ సందేశంలో, 2017లో దోహాలో ఇరాన్‌కు చెందిన అమీర్ సర్ఖోష్‌ను 8-2తో ఓడించి అతడు గెలిచిన మూడో స్నూకర్ టైటిల్ ఊసే లేదు.