బల్ల దగ్గర అడగని ప్రశ్న

నెల మొదటి ఆదివారం హైదరాబాద్‌లోని చాలా ప్రొటెస్టంట్ చర్చిలు త్వరగా నిండిపోతాయి. ఆ రోజు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. తెల్లచీరలు కట్టుకున్న పెద్దవాళ్లు ముందు వరుసల్లో కూర్చుంటారు. బాప్తిస్మం పొందనివారు తమ చోటనే ఉండిపోతారు. యేసు తాను అప్పగించబడిన రాత్రి శిష్యులతో పంచుకున్న రొట్టె, ద్రాక్షారసం క్రైస్తవ ఆరాధనకు గుండెకాయ అని నా నమ్మకం.

ఈ రొట్టె ఏమిటన్న వాదం పాతది. 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌లో ప్రొటెస్టంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని వాదించినా ఒక మాటకు రాలేకపోయారు. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో దివ్యసత్ప్రసాదంగా ఈ రొట్టెను అందుకునే కథోలికులకు అది సాక్షాత్తు క్రీస్తు శరీరమే. బాప్టిస్టులకు జ్ఞాపకార్థం. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) చర్చిల్లో బలిపీఠం ముందు మోకరించి తీసుకుంటారు.

గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను అనే సంఘం పద్ధతి వేరు. సిక్కు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన భక్తసింగ్ అక్కడ స్థిరపరచిన ఆరాధనలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. నేల మీద చాపలపై కూర్చున్నవారి మధ్య రొట్టె చేతి నుంచి చేతికి వెళ్తుంది. పక్కవాడు తుంచిన దానిలోంచే మనమూ తుంచుకోవాలి. పెద్ద కూడికలప్పుడు ప్రేమవిందు ఉంటుంది. వేలమంది వరుసలుగా నేల మీద కూర్చుని ఒకే వంట తింటారు. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చోవచ్చో పుట్టుకే నిర్ణయించిన సమాజంలో ఇంతకంటే సూటిగా సువార్త ప్రకటించడం సాధ్యమా?

అందుకే నా ఫిర్యాదు. బల్లకు ముందు దాదాపు ప్రతి సంఘంలోనూ అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణపు సంఘానికి రాసిన మాటలు చదువుతారు: ‘ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను.’ విన్నవారు తలలు వంచుకొని తాగుడు, అబద్ధం, ఇంట్లో గొడవ వంటివి తలచుకొని పశ్చాత్తాపపడతారు. మంచిదే. కానీ కొరింథు సంఘాన్ని పౌలు మందలించిన సందర్భం వేరు. అక్కడ ఉన్నవాళ్లు ముందే తిని తాగి మత్తులయ్యారు, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయారు. పేదలను సిగ్గుపరచారని ఆయన కోపం. ఒకే సంఘంలో ఎక్కువ తక్కువలు పెట్టుకొని ఈ రొట్టె తినడమే ఆయన దృష్టిలో అయోగ్యంగా తినడం.

మన దగ్గర ఆ ఎక్కువ తక్కువల పేరు కులం. ఆదివారం ఒకే బల్లలో చేయి వేసినవాళ్లే పిల్లల పెళ్లి దగ్గరికి వచ్చేసరికి క్రైస్తవ కమ్మ, క్రైస్తవ రెడ్డి, క్రైస్తవ మాల, క్రైస్తవ మాదిగ అని వెతుకుతారు. కులం ఊసెత్తితే సంఘం చీలుతుందని కాపరుల (పాస్టర్ల) భయం. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, తెలుగు రాష్ట్రాల్లో వారిని వెనుకబడిన తరగతుల్లోని ఒక విభాగమైన బీసీ-సీలో చేర్చారు. ఈ అన్యాయం గురించి సభల్లో గట్టిగా మాట్లాడే నాయకులు తమ సంఘాల్లోని పెళ్లి సంబంధాల గురించి ఎందుకు మాట్లాడరు? మతం మారినా కులం పోలేదని ప్రభుత్వానికి చెబుతున్నాం. ఆ మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి కదా.

2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కథోలిక సంఘంలో పోప్ తర్వాతి హోదా అయిన కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే. సంతోషించాం. అయితే పీఠం మీద జరిగిన మార్పు పెళ్లిచూపుల దాకా తనంతట తాను దిగిరాదు.

నేను అడిగేది చిన్నదే. బాప్తిస్మానికి సిద్ధపరచే తరగతుల్లో పది ఆజ్ఞలతో పాటు పౌలు ఈ మాటలు రాసిన మొదటి కొరింథు పత్రిక పదకొండో అధ్యాయాన్ని పూర్తిగా, దాని సందర్భంతో సహా నేర్పండి. బల్లకు ముందు చేసే ఒప్పుకోలు ప్రార్థనలో కులం అన్న మాటను పేరు పెట్టి పలకండి. నొచ్చుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడవలసిన బాధ్యత కూడా కాపరిదే.