సవరణ: మంగోలియా కళాకారిణుల కీళ్ల గురించి నేను రాసింది తప్పు

మొన్న మంగోలియాలోని ‘ఉరాన్ నుగరాల్ట్’ అనే ఒళ్లు వంచే కళ గురించి రాస్తూ, ఒళ్లు విల్లులా వంచే ఆ అమ్మాయిలకు ‘రెండేసి కీళ్లు ఉంటాయి, అది పుట్టుకతో వచ్చే వరం’ అన్నాను. అది తప్పు. ఎవరికీ రెండేసి కీళ్లు ఉండవు. తేడా అంతా ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ల సాగుడులో, కీలు గుంట ఎంత లోతుగా ఉందన్నదానిలో ఉంటుంది. కొందరికి ఆ సాగుడు పుట్టుకతోనే ఎక్కువ, నిజమే. కానీ అదొక్కటే చాలదు.

ఈ కళలో ‘మారినెల్లీ బెండ్’ అనే భంగిమనే చూడండి. కదలకుండా బిగించిన ఒక పిడిని నోటితో కరిచి పట్టుకుని, వెన్ను వెనక్కి మడిచి, కాళ్లను తల మీదుగా ముందుకు తెచ్చి నిలపాలి. బరువంతా దవడ, మెడ, వీపు కండరాల మీదే. సాగే ఒళ్లుంటే ఆ భంగిమలోకి చేరొచ్చు, అక్కడ నిలవాలంటే మాత్రం బలం కావాలి. అందుకే చిన్నప్పుడే మొదలుపెట్టి ఏళ్ల తరబడి రోజూ సాధన చేస్తారు. ఆ శ్రమను ‘వరం’ అనే ఒక్క మాటతో చెరిపేసినందుకు నిజంగా బాధగా ఉంది.

ఇంకొకటి. ‘భుజం కీలు తప్పించి చేస్తారు’ అనీ రాశాను. ఈ వంపులకు కీలు తప్పించాల్సిన పనే లేదు, కీలు తప్పడమంటే గాయం. పిల్లల చేత ఇంట్లో ఇవి చేయించాలనుకున్నవాళ్లు దయచేసి ఆగండి. గురువు పక్కన లేకుండా వద్దు.