పవరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పవరు గారికి,

హనుమకొండ నుంచి ఒక కళ్లద్దాల మనిషి నమస్కరించి రాయునది.

మొన్న కళ్లు చూపించుకోను పోతే డాక్టర్ గారు "మీకు పవర్ పెరిగింది" అన్నారు. నలభై ఏడేళ్ల బతుకులో ఆ మాట వినడం అదే మొదలు. ఛాతీ కాస్త ఉబ్బింది. తీరా చూస్తే తగ్గింది చూపట. అంటే మీరు పెరిగినకొద్దీ కనబడేది తగ్గుతుంది. ఇది అద్దాలకేనా, కుర్చీలకు కూడానా?

మా ఇంట్లో ఫ్యాన్ ఆగితే "కరెంట్ పోయింది" అంటాం. రామగుండం ఎన్టీపీసీ పాత యూనిట్లలో 2,600 మెగావాట్లు, చెల్పూరులో 1,100 మెగావాట్లు పుట్టేది పవర్ ప్లాంట్లలోనే, కానీ మా గడప తొక్కేసరికి మీరు వట్టి కరెంట్. "పవర్ పోయింది" అన్నామంటే ఎవరో ఎన్నికల్లో ఓడిపోయారని లెక్క. సిరిసిల్లలో మరీ అన్యాయం. సర్కారు కాగితాల్లో పవర్‌లూమ్, నడిపేవాళ్ల నోట్లో సాంచా. మీ పేరులో ఒక్క అక్షరం కూడా మిగల్చలేదు.

బడిలోనూ మీకు నిలకడ లేదు. లెక్కల్లో ఘాతం, ఫిజిక్స్‌లో సామర్థ్యం, సోషల్‌లో అధికారం. (మూడింట్లోనూ నాకు అత్తెసరు మార్కులే.) ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లని మాత్రం గుర్తుంది. బావి కాడ 5 హెచ్‌పీ మోటరు ముందు నిలబడి ఆ ముక్క చెప్పాను. "ఐదు గుర్రాలున్నయ్ గదరా, మరి నీళ్లెందుకు ఎక్కుతలేవు?" అన్నాడు బాపు.

అసలు సంగతికొస్తా. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి కదా, మా పెద్దబాపు బిడ్డ సర్పంచ్‌గా గెలిచింది. గెలుపు ఆమెది, సంతకం ఆమెది, మెడలో దండ మాత్రం మా బావది. పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద తువ్వాల వేసుకుని కూర్చునేదీ ఆయనే. ఒకరి తరఫున ఎకరం భూమి అమ్మాలన్నా పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారే, దీనికి ఆ కాగితం కూడా లేదు. ఇంత సులువుగా చేతులు మారేది మీరొక్కరే అనుకుంటా.

ఉండబట్టలేక ఆమెకే ఫోన్ చేశాను. "అక్కా, పవర్ ఎట్లుంది?" అని అడిగాను.

"కరెంటే గదా? పొద్దుగాల పోయింది తమ్మీ. మీ బావ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తుండు" అన్నది.

ఇట్లు,
రెండున్నర పవర్ గల
మీ విధేయుడు