మహారాజశ్రీ పాత మిలిటరీ రైఫిలు గారికి

మహారాజశ్రీ పాత మిలిటరీ బోల్టు రైఫిలు వారి సముఖమునకు, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం నుంచి ఒక మాజీ సైనికుడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు కనుక ఇక్కడ తమరి పేరు వినని గడప లేదు. టెక్సాస్‌లో స్థిరపడిన మా మేనల్లుడు తమలో ఒకరిని చవకగా కొని, కోయించి, చెక్కించి, సొగసైన వేట రైఫిలుగా మార్పించుకోవాలని ముచ్చటపడుతూ, ఎవరిని ఎంచుకోమంటారు మావయ్యగారూ అని నన్నడిగాడు. వాడికి బదులు చెప్పే ముందు తమరితోనే తేల్చుకోవడం మర్యాద.

జర్మనీకి చెందిన 1898 మోడల్ మౌజర్ వారినే ముందు తలుచుకుందాం. తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ అయిన బోల్టుకు ముందు కొసన, దాన్ని బిగించి పట్టే ముక్కుల్లాంటి రెండు బలమైన లగ్గులు, అవి దగా చేసినా ఆదుకోవడానికి వెనుక మూడోది, తూటా అంచును మ్యాగజైన్ దగ్గరే అందుకుని మళ్ళీ బయటికి విసిరేదాకా వదలని ఎక్స్‌ట్రాక్టరు అనే పొడవాటి కొక్కెం. ఇంతటి పనితనానికి వంక పెట్టేవాడు లేడు. కాకపోతే గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, బిగించాలంటే బోల్టు పిడి దానికి తగులుతుంది గనుక కోసి, వంచి, అతకాలి. సేఫ్టీ మీట పైకి లేచి అడ్డుపడుతుంది గనుక అదీ మార్చాలి. బోల్టు ఇమిడే ఉక్కు చట్రమైన రిసీవరుకు రంధ్రాలు వేసి మర కోయాలి. రెండంచెల ట్రిగ్గరు వేటగాడి వేలికి నచ్చదు. అరిగిన బారెలు, బరువైన చెక్క సరేసరి. 57 మిల్లీమీటర్ల పొడవు ఇత్తడి గొట్టమున్న తూటా కోసం పుట్టిన మ్యాగజైన్‌లో 63 మిల్లీమీటర్ల థర్టీ-ఆట్-సిక్స్ అనే అమెరికన్ తూటా పట్టించాలని మా దొరవారికి కోరిక పుడితే తూటా జారి బారెల్లోకి ఎక్కే ముందటి ర్యాంపును గీకాలి, ఆ గీకుడు కాస్త శ్రుతి మించితే కింది లగ్గు ఆనుకునే ఉక్కే పలచబడుతుంది. పాత పెంకుటిల్లు కొని సింహద్వారం ఒక్కటీ ఉంచి తక్కినదంతా కూలగొట్టిన ఆసామిలాగా, మావాడికి చివరికి మిగిలేది రిసీవరూ బోల్టూ మాత్రమే. బిల్లు మాత్రం కొత్త రైఫిలు ధరను ఎప్పుడో దాటి ఉంటుంది.

అమెరికా సైన్యపు 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ వారి సంగతి మరీ సున్నితం. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అనే ప్రభుత్వ కర్మాగారంలో తయారై 8,00,000 లోపు నంబరు ఉన్నవారి రిసీవర్లను గట్టిపడేందుకు కాచేటప్పుడు వేడిని కంటితోనే అంచనా కట్టారు గనుక, కొన్ని పెళుసుబారి పగిలిన చరిత్ర ఉంది. వీరి విషయంలో జాతకం కంటే సీరియల్ నంబరు చూడటం ముఖ్యం. అమెరికాలోనే తయారైన 1917 ఎన్‌ఫీల్డ్ వారు దృఢకాయులే గానీ వెనుక సైటుకు కాపలాగా నిలిచిన రెండు చెవులనూ మిల్లింగు యంత్రం మీద తెగ్గోస్తే తప్ప సంఘంలో తలెత్తుకోలేరు. ఇక నేను ఎరిగిన బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ వారు పది తూటాలను గబగబా కాల్చడంలో ఎవరికీ తీసిపోరు. లగ్గులు వెనుక ఉండటంతో అధిక పీడనపు తూటాలంటే మాత్రం పెద్దమనిషి తరహాలో తప్పుకుంటారు. 1960లలో పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారు మెరుగైన ఉక్కుతో నేటో దేశాల 7.62 మిల్లీమీటర్ల తూటాకు మలచిన తమ్ముడిది వేరే లెక్క.

మా గోదావరి తీరాన ఈ ముచ్చటకు చోటే లేదని తమరు నిశ్చింతగా ఉండవచ్చు. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీని తయారుచేయడానికే కాక మార్చడానికీ లైసెన్సు కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు పగ్గం వేసింది, 1991 సవరణతో వేట ముగిసింది. లైసెన్సున్న తుపాకీ సైతం ఎన్నికలొస్తే పోలీసు స్టేషనులో విడిది చేస్తుంది. చెరువు మీద వాలిన కొంగలను తోలడానికి మా రొయ్యల రైతులు టపాకాయలతోనే సరిపెట్టుకుంటున్నారు.

కనుక తమలో భాగాల మీది నంబర్లన్నీ ఒకదానితో ఒకటి సరిపోయి, చెక్క చెక్కుచెదరకుండా ఉన్నవారు దయచేసి మావాడి కంటపడవద్దు. యుద్ధం ముగిశాక 1950లలో, 60లలో ఎవరో ఔత్సాహికుడు ఇప్పటికే కోసి, రంధ్రాలు పొడిచి, సేకరణదారులు కన్నెత్తి చూడకుండా చేసిన బంధువు తమరికి తప్పక ఉంటారు. వారిని పంపండి, వారికి మావాడు కొత్తగా చేయగల అపకారం ఏమీ మిగల్లేదు. బయలుదేరే ముందు తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్ చేత, మూసిన బోల్టు ముఖానికీ తూటా కూర్చునే చోటికీ మధ్య దూరాన్ని కొలిచే హెడ్‌స్పేసు గేజీ పెట్టించుకుని రమ్మనండి. ఆ ఖర్చు మేనల్లుడే భరిస్తాడు.

ఇట్లు,
తమరి పూర్వ సహోద్యోగి.