ఒక్క పిల్లకే కాదు, ఇంటికీ అందింది
ఒక పేద పిల్ల చదువుకని స్పాన్సర్, అంటే ఎక్కడో ఉన్న దాత, పంపే డబ్బు ఆ ఒక్క పిల్లకే పోతుంది, ఇంటి పేదరికం ఎక్కడిదక్కడే ఉంటుందని పిల్లల స్పాన్సర్‌షిప్ మీద వచ్చిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది దేవరకొండ వైపు. వానలు మొహం చాటేస్తే మా పక్కింటి వాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకొని పుణెకు వలస పోయేవాళ్లు, బడి మధ్యలోనే ఆగిపోయేది. చర్చి పక్కనున్న స్పాన్సర్‌షిప్ సెంటర్లో పెద్దమ్మాయి పేరు ఎక్కాక ఆ పిల్ల నాయనమ్మ దగ్గరే ఉండి చదువుకుంది. బడి వదిలాక అక్కడే అన్నం, ట్యూషన్, అప్పుడప్పుడు డాక్టర్ పరీక్షలు. పుస్తకాలకు, జ్వరాలకు చేసే చేబదుళ్లు ఆగాయి. అక్క నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి తమ్ముడికి ఇచ్చేది ఆ ముసలమ్మ. ఇది ఇంటికి అందినట్టు కాదా? ఇలా స్పాన్సర్ల డబ్బుతో పేద పిల్లల్ని ఆదుకునే క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్. ఆ సంస్థ సాయం అందుకున్న పిల్లల మీద మన దేశంతో సహా ఆరు దేశాల్లో జరిగిన అధ్యయనం 2013లో అచ్చయింది. స్పాన్సర్ ఉన్న పిల్లలు సగటున ఏడాదికి పైగా ఎక్కువ చదివారని అందులో తేలింది. అదే సంస్థ విదేశీ నిధులకు అనుమతి రాక 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. లక్షమందికి పైగా పిల్లలకు ఆ సాయం పోయింది. వ్యాసంలో ఆ ఊసే లేదు. మతం మార్పిస్తున్నారన్న అనుమానం ఉంటే తనిఖీ చేయండి, పైసా పైసాకు లెక్క అడగండి, తప్పులేదు. కానీ పదో తరగతిలో ఉన్న పిల్లకు ఇంకో దారి చూపించకుండా ఉన్న ఆసరా తీసేయడం అన్యాయం.