చావని పశువు తెచ్చే నష్టం

పశువు చచ్చిపోతే ఊరంతటికీ తెలుస్తుంది. రోజూ పది లీటర్లిచ్చే ఆవు ఎనిమిదికి దిగితే మాత్రం మేత మారిందేమోలే, ఈత ముదిరిందేమోలే అని సర్దుకుపోతాం. పాడిలో డబ్బు ఎక్కువగా కారిపోయేది ఇక్కడేనని నా లెక్క.

వేడినే తీసుకోండి. హోల్‌స్టీన్ లాంటి చలిదేశపు పాలజాతి ఆవుకు సుమారు 5 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. అది దాటాక మేత తగ్గించేస్తుంది, ఎందుకంటే మేత పొట్టలో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది, బయటి ఎండ చాలదన్నట్టు ఆ వేడి కూడా ఎక్కడ భరిస్తుంది? ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ తినాలి కాబట్టి ముందు దెబ్బతినేదీ అదే. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే కోలుకునే టైమే ఉండదు. పాల సంగతి సరే, ఎద సరిగా కనబడదు, కట్టించినా చూలు నిలవదు. ఆ నష్టం బయటపడేది నెలల తర్వాత, ఈనాల్సిన ఆవు ఈననప్పుడు. అప్పటికి ఎండాకాలం ఎవరికి గుర్తుంటుంది? కోళ్లకైతే చెమట గ్రంథులే లేవు, అవి రొప్పి రొప్పి పల్చటి పెంకు గుడ్లు పెడతాయి.

రోగాల్లోనూ ఇదే తంతు. మందలకు మందల్ని ఊడ్చేసిన పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్‌ను 2011 నాటికి భూమ్మీద లేకుండా చేశాం, మశూచి తర్వాత అలా పోయిన రెండో జబ్బు అది. కంటికి కనబడే శత్రువు మీద అంత పట్టుదల చూపిస్తాం. గాలికుంటుతో పెద్ద పశువులు చావడం అరుదు, నోట్లో పుండ్లు మాని లేచి నిలబడతాయి, కానీ చాలావాటికి పాత పాలు తిరిగి రావు. లోలోపలి పొదుగువాపులో పాలు చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి, వాపుతో పోరాడ్డానికి పాలలోకి చేరే కణాల సంఖ్య మిల్లీలీటరుకు 2 లక్షలు దాటిందని పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గొర్రె కడుపులో రక్తం పీల్చే నట్ట ఒక్కోటి రోజుకు 0.05 మిల్లీలీటర్లే తాగుతుంది, 5,000 చేరితే పావు లీటరు! పైగా ఒకే మందు, కంటి అంచనాతో తక్కువ మోతాదు, ఏళ్ల తరబడి. అలా నట్టలకు మందును అలవాటు చేసింది మనమే.

వాతావరణం వేరు, ఆరోగ్యం వేరు అని విడదీసి చూడటం నాకు నచ్చదు. ఆఫ్రికాలో రక్తం పీల్చే ట్సెట్సీ ఈగ ఎక్కడ బతకాలో తేల్చేది అక్కడి వేడీ తేమే, అది తిరిగే నేల దాదాపు కోటి చదరపు కిలోమీటర్లు. అందులో గడ్డి దండిగా ఉన్న చోట్ల కూడా పశువుల్ని నిలబెట్టడం కష్టం, ఈగ మోసుకొచ్చే పరాన్నజీవి వాటిని రక్తహీనతతో కుంగదీస్తుంది.

అయినా దిగుబడి తగ్గిందనగానే మనకు తోచేది మేలుజాతి పశువు కొనడం. ఉన్న పశువుకే నీడ చాలక, పేడ పరీక్ష చేయించక, కొత్తదాన్ని తెచ్చి అదే కొట్టంలో కడితే అది ఇంకా త్వరగా కుంగుతుంది. పాలలో 87 శాతం నీళ్లే. మిట్టమధ్యాహ్నం ఒకసారి తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి, నీళ్లు వేడెక్కి ఉంటే ఆ పూట ఆవు ఎందుకు సరిగా తాగలేదో అక్కడే తెలిసిపోతుంది.