లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. ఫైనల్ ఇయర్ ఇంజనీరింగ్ పిల్లలు రెడీమేడ్‌గా కొనుక్కుని కాలేజీలో ఇచ్చే ప్రాజెక్టుగా, అమీర్‌పేటలో జిరాక్స్ షాపులకీ టిఫిన్ సెంటర్లకీ మధ్య మీరూ క్షేమంగానే ఉన్నారని, ఫైనల్ ఇయర్ సీజన్ రాగానే ఇంకాస్త కళ వచ్చిందని విన్నాం. సంతోషం.

మీ చరిత్ర చూస్తే ముచ్చటేస్తుందండీ. కాలానికో ప్రోగ్రామింగ్ భాష వేషం: ఒకప్పుడు వీబీ, తర్వాత జావా, ఆ తర్వాత పీహెచ్‌పీ, ఇప్పుడు పైథాన్, దాని మీద నడిచే జాంగో. లోపల మాత్రం అవే మూడు టేబుళ్లు: పుస్తకాలు, విద్యార్థులు, ఎవరు ఏది తీసుకెళ్లారు. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. ఇన్నేళ్లలో ఏ లైబ్రరీ గడపా తొక్కిన పాపాన పోలేదు మీరు. పోనీ ఒకసారి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి రండి, గ్రూప్స్‌కి చదివేవాళ్లు సొంత పుస్తకాలు మోసుకొచ్చుకుని కూర్చుంటారు, వాళ్లకి కావలసింది ఒక కుర్చీ, పైన తిరిగే ఫ్యాను, మీ 'ఇష్యూ బుక్' బటన్ కాదు. 1891లో అసఫియా పేరుతో మొదలైన లైబ్రరీ ఇవాళ్టికీ అఫ్జల్‌గంజ్‌లో ఉంది. అలాంటివాటినే మీరు మీ ప్రాజెక్టు రిపోర్టులో 'ఎగ్జిస్టింగ్ సిస్టమ్' అని పిలిచి, లోపాలు అరపేజీ రాసి పడేస్తారు.

ఆ డాక్యుమెంటేషన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. రెక్సిన్ బైండింగ్, బంగారు అక్షరాలు, పేజీకొక డయాగ్రమ్. ఎకనామిక్ ఫీజిబిలిటీ అనే చోట ఖర్చు చాలా తక్కువని రాసుకున్నారు, ఆ మాట మిమ్మల్ని కొన్న కుర్రాడి నాన్నగారిని అడగాలి. పైగా మిమ్మల్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించిన మనిషి వెళ్తూ వెళ్తూ "ఇందులో ఏదీ ముట్టుకోకు బాబూ, వైవా అయ్యేదాకా" అని చెప్పి మరీ వెళ్తాడు. ప్రోగ్రామింగ్ నేర్పడానికి పుట్టిన ప్రాజెక్టుని ముట్టుకోకూడదట!

మీతో వచ్చిన చిక్కంతా అక్కడే. మీరు ఎప్పుడూ రన్ అవుతారు, ఎక్కడా తప్పు చూపించరు.

మా చిన్నమ్మ కొడుకు మిమ్మల్ని కాలేజీలో సమర్పించుకున్న వారంలోనే, ఎస్సార్ నగర్ రూమ్‌లో ముగ్గురి ఖర్చులూ పంచడానికి పైథాన్‌లో తనే ఏదో రాయడం మొదలుపెట్టాడు. పాలకి 120, గుడ్లకి 80 కొట్టాడు. మొత్తం 12080 అని వచ్చింది. "పాలకీ గుడ్లకీ పన్నెండు వేలేందిరా?" అని రూమ్మేట్లు ఒకటే నవ్వు. వీడు నాకు ఫోన్ చేసి "అన్నా, కంప్యూటర్‌కి కూడిక కూడా రాదా?" అన్నాడు. వస్తుంది నాయనా, కానీ ఇన్‌పుట్ తీసుకున్నదేదైనా పైథాన్‌కి ముందు అక్షరాలే, అక్షరాల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది, ఇంట్ అని చుట్టి ఇస్తేనే అంకె అవుతుంది. మీ తొంభై పేజీలు బైండ్ చేయించినా బుర్రకెక్కని సంగతి, ఒక్క 12080తో ఎక్కింది.

తర్వాత వంద రూపాయల కూరగాయల్ని ముగ్గురికి పంచమంటే తలా 33.333333333333336 అంది. చివర ఆ 6 ఎక్కడిదని వాడికి టెన్షన్. భిన్నాలని బైనరీలో, అంటే సున్నాలు ఒకట్లతో, అదీ కొన్ని స్థానాల వరకే దాచుకుంటుంది కాబట్టి తోక దగ్గర తేడా వస్తుంది. సరేనని రెండు స్లాష్‌లు పెట్టి భాగిస్తే 33 వచ్చింది, పర్సెంట్ గుర్తు పెడితే శేషం 1. ఆ మిగిలిన రూపాయి ఎవరి నెత్తిన వెయ్యాలి? అర్ధరాత్రి దాకా ముగ్గురూ వాదించుకుని, నెల అంకెని మూడుతో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి వంతులు వేసుకున్నారు. శేషం 0, 1, 2లో ఏదో ఒకటి, పైథాన్ లిస్టులో పేర్ల లెక్కా సున్నా నుంచే, అచ్చంగా సరిపోయింది. ఇంతలో ఒకడు సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి "నేను లేని రోజుల పాలకి నేనెందుకు ఇవ్వాలి?" అని అడ్డం తిరిగాడు, సగం కోడ్ మళ్లీ రాయాల్సొచ్చింది. మీ 'రిక్వైర్‌మెంట్ అనాలిసిస్' చాప్టర్‌లో ఇలాంటివాడు ఒక్కడూ కనపడడేం?

ఈ ముక్క ఎందుకంటే, మా ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు నేనూ చేస్తుంటాను, రెజ్యూమేల్లో మీ దర్శనం అవుతూనే ఉంటుంది. "ఆదివారం లైబ్రరీకి సెలవు కదా, ఆ రోజుకీ ఫైన్ పడుతుందా?" అని అడుగుతాను. "ఆ మాడ్యూల్ మా టీమ్‌లో వేరే అతను చేశాడు సార్." ఎవరిని అడిగినా వేరే అతనే. అన్ని కాలేజీల్లో ఒకేసారి చదువుతున్న ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలనుంది నాకు. పిల్లల్ని మరీ అననులెండి, గైడ్‌కి పది బ్యాచ్‌లు, వీళ్లకి నెల గడువు, మధ్యలో మిడ్ ఎగ్జామ్స్.

అన్నట్టు మావాడు ఆ లెక్కల ప్రోగ్రామ్‌ని గైడ్‌కి చూపిస్తే "స్కోప్ చాలదు, డయాగ్రమ్స్ ఏవీ?" అన్నారట. మార్కులు మీకే పడ్డాయి, అభినందనలు.

వచ్చే సీజన్‌కి పేరు ముందు 'ఏఐ ఆధారిత' అని తగిలించుకుని దిగుతారని తెలుసు, రండి, కాదనేవాళ్లెవరు? కాకపోతే అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో ఎప్పుడో రిటైరైపోయిన హెచ్ఓడీ గారికి ఇంకా కృతజ్ఞతలు చెప్తున్నారు. ఆ పేరొక్కటి మార్చుకుని రండి.

ఇట్లు,
మాదాపూర్ నుంచి, ఆ 'వేరే అతని' కోసం వెతుకుతున్న ఒకడు